కుడి చేతి వంటిల్లు

మార్చి 1, ఆదివారం

ట్రైలర్ల షెడ్డుకి వెళ్ళొచ్చాం. మాది ఇంకా చక్రాల మీద నిలబెట్టిన ఖాళీ పెట్టె. లోపల ఆరు మీటర్ల నలభై పొడుగు, రెండు మీటర్ల పది వెడల్పు. నేను టేపు తీస్తే మేస్త్రి నవ్వాడు, కొలతలన్నీ కాగితంలో ఉన్నాయి కదమ్మా అని. పద్దెనిమిదేళ్ళుగా వంతెనలు తనిఖీ చేస్తున్నదాన్ని. కాగితం మీద నిక్షేపంగా ఉన్న వంతెనలు ఎన్ని చూశానో నాకే తెలుసు. వెడల్పు మూడు సెంటీమీటర్లు తక్కువొచ్చింది. ఆ తర్వాత మేస్త్రి నవ్వలేదు.

మా ఆయన గోడకి చెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. తొమ్మిది అడుగులు. చొక్కా తొడిగి చూసుకున్నంత తేలిగ్గా, "సరిపోతుంది" అన్నారు.

వదినకి ఫోన్లో చెప్పిందే ఇక్కడా రాసుకుంటున్నాను. రాస్తే కాస్త కుదురుగా కనిపిస్తుందేమోనని. జూన్ ఒకటి నుంచి నాకు ఎనిమిది నెలలు బయట డ్యూటీ. ఒక వంతెన దగ్గర రెండు వారాలు, ఇంకోదాని దగ్గర మూడు. పొద్దున ఏడింటికి వెళ్తే సాయంత్రం ఆరింటికి గానీ తిరిగి రాను. ఆ పదకొండు గంటలూ ఆయన ట్రైలర్లో ఒక్కరే వండుకుని, తిని, తన పనులు తాను చేసుకోగలిగితే నాతో వస్తారు. లేకపోతే ఆ ఎనిమిది నెలలూ వాళ్ళక్క, అదే మా వదిన, ఇంట్లో ఉంటారు. ఈ షరతు పెట్టింది నేను కాదు, వదినా కాదు. ఆయనే.

డాక్టరు ఏడాది అన్నాడు, అటూ ఇటూగా. చూపు అంచుల నుంచి ముడుచుకుపోతూ వస్తోంది. ఇప్పటికి గొట్టంలోంచి చూసినట్టు ఉందట. ఆ గొట్టం మూసుకునేలోపు ట్రైలర్ కళ్ళతో నేర్చుకుంటే, తర్వాత చేతులతో నడిపించుకోవచ్చని ఆయన లెక్క. లెక్క తప్పని నేను అనలేను.

మార్చి 3

హాల్లో సోఫాని గోడకి నిలబెట్టాం. నేల మీద పసుపుపచ్చ టేపు అంటించి ట్రైలర్ మొత్తం అసలు కొలతల్లో గీశాను. మోకాళ్ళు పోయాయి.

మా హాలు తలుపునే ట్రైలర్ తలుపు అనుకున్నాం. ఇరవై ఏళ్ళుగా ఆయన కాళ్ళకి అలవాటైన గుమ్మం. లోపలికి రాగానే ఎడమ పక్క గోడ అడ్డం ఉంది కాబట్టి అక్కడ బాత్రూం. కుడికి తిరిగితే నడిచే దారి. ఆ దారిలో కుడి చేతి పక్క వంటిల్లు, ఎడమ చేతి పక్క బల్ల. దారి చివర అడ్డంగా మంచం. ఇంతే ఇల్లు. ఇంత చిన్న ఇంట్లో పోట్లాడుకోవడానికి ఏముంటుందిలే అనుకున్నాను.

మార్చి 4

చాలా ఉంది.

ఫ్రిజ్ ఎక్కడ, సింకు ఎక్కడ, స్టవ్ ఎక్కడ. ఈ మూడింటికి మూడు గంటలు. నేను స్టవ్ తలుపు పక్కన పెడదామన్నాను, వాసన బయటికి పోతుంది కదా అని. ఆయన ససేమిరా అన్నారు. "నువ్వు తలుపు తీసినప్పుడల్లా గాలి కొడుతుంది. మంట ఆరిపోతే నాకు కనపడదు" అన్నారు.

ఇంతవరకు ఆయన కనపడదు అన్న మాట ఎప్పుడూ వాడలేదు. సరిగ్గా కనిపించట్లేదు అనేవారు. నేను వెంటనే స్టూలు తీసి లోపలి చివర పెట్టాను. స్టూలే స్టవ్. బట్టలు నానబెట్టే టబ్బు సింకు. ఫ్రిజ్‌కి మాత్రం ఫ్రిజ్ అట్టపెట్టే దొరికింది, పక్కింటివాళ్ళు పారేయబోతుంటే.

తలుపు నుంచి వరస ఇది: ఫ్రిజ్, సింకు, స్టవ్.

మార్చి 8, ఆదివారం

మళ్ళీ షెడ్డు. మేస్త్రి చూపించిన స్టవ్ నున్నటి అద్దం పలక. ఎక్కడ తాకితే అక్కడ వెలుగుతుందట. ఆయన దాని మీద నాలుగు వేళ్ళూ రాసి, "దీనికి ముక్కూ మొహం లేవు" అన్నారు. టిక్కుమని చప్పుడు చేస్తూ తిరిగే మీట కావాలన్నారు, పాతకాలం గ్యాస్ స్టవ్. మంట వినపడాలట. మేస్త్రి నా వైపు చూశాడు. నేను టేపు వైపు చూసుకున్నాను.

మైక్రోవేవ్ స్టవ్ పైన అల్మరాలో ఉంటుందన్నాడు. "మంట మీంచి చెయ్యి చాపాలా?" అని ఆయన అడిగారు. ఇన్నాళ్ళూ కళ్ళున్నవాళ్ళంతా మంట మీంచే చెయ్యి చాపుతున్నారన్న మాట. దాన్ని కిందికి, ఫ్రిజ్ పక్కకి దించారు. ఫ్రిజ్ తలుపు గోడ వైపుకి తెరుచుకోవాలి, మర్చిపోయి తెరిచి వదిలేసినా దారికి అడ్డం రాకూడదు. పై అల్మరాలకి తలుపులే వద్దు, తలకి తగులుతాయి.

నీళ్ళ ట్యాంకు బల్ల కింద, చక్రాల మీదకి రావాలని మేస్త్రి పట్టు. బరువంతా వెనక పెడితే బండి తోక ఊపుతుందట. ఆ మాటకి ఆయన నవ్వారు. చాలా రోజులైంది అలా నవ్వి.

బట్టలుతికే మెషిన్ కావాలని నేను ఒక్కటే అడిగాను. చోటు లేదు. నా ఫైళ్ళు ఎక్కడ పెట్టుకోను అంటే మంచం కింద అన్నారు. ఆయన గరిటెలు నడుం ఎత్తున, నా ఉద్యోగం మంచం కింద.

మార్చి 15

వదిన వచ్చింది. నేల మీద ఉన్నవి గోడలని ఆవిడకేం తెలుసు, పెరటి తలుపులోంచి వచ్చి తిన్నగా టేపు దాటి ఆయన దగ్గరికి నడిచేసింది. "అక్కా, గోడలోంచి వచ్చావు. బయటికెళ్ళి తలుపులోంచి రా" అన్నారీయన. పాపం ఆవిడ మళ్ళీ వసారాలోకి వెళ్ళి, గుమ్మంలోంచి వచ్చి, కుడికి తిరిగి, అట్టపెట్టెకి మోకాలు కొట్టుకుని, బల్ల దగ్గర కూర్చుంది. ఇద్దరూ తెగ నవ్వుకున్నారు. చిన్నప్పుడు ఇళ్ళాట ఆడుకున్నట్టుందని వదిన అంది.

వెళ్ళేటప్పుడు నన్ను పెరట్లోకి పిలిచింది. నవ్వు మొహం లేదు.

"వాడు వంట చెయ్యకపోతే ఏమవుతుందే? మా ఇంట్లో వాడు ఏదీ నిరూపించుకోనక్కర్లేదు."

వదిన ముక్కుసూటి మనిషి. కోపం తెచ్చుకోవడానికి వీలుగా ఎప్పుడూ మాట్లాడదు.

మార్చి 22

ఈరోజు చూపు బాగుంది. గోడ గడియారం చూసి టైము చెప్పారు.

మార్చి 24

ఈరోజు కూడా బాగుంది.

రేడియోలో వార్తలు అయిపోయిన నిమిషానికి టైము చెప్పారు. మొన్న కూడా రేడియో మోగుతూ ఉండి ఉంటుంది. సరిగ్గా గుర్తులేదు.

ఏప్రిల్ 2, గురువారం

షెడ్డు నుంచి డ్రాయింగ్ వచ్చింది, మూడు పేజీలు. ఆఫీసులో భోజనం టైములో పెన్సిలు పట్టుకుని ఒక్కో కొలతా సరిచూశాను. తలుపు నుంచి ఫ్రిజ్‌కి తొంభై. సింకు అంచు నుంచి స్టవ్ అంచుకి నలభై. నడిచే దారి డెబ్భై. బల్ల ఎత్తు డెబ్భై రెండు. సెంటీమీటరు తేడా లేదు. తలుపు మాత్రం రెండో వైపుకి మార్చారు, దాంతోపాటు వంటిల్లు అటుకీ బల్ల ఇటుకీ మారాయి. తలుపు ఫుట్‌పాత్ వైపే ఉండాలని అడుగున చిన్న అక్షరాల్లో రాశారు. దూరాలేవీ మారలేదు కాబట్టి సంతకం పెట్టి పంపేశాను.

ఇంటికి రాగానే, మనం అనుకున్నట్టే ఉందా అని అడిగారు. అచ్చం అలాగే ఉందన్నాను.

ఏప్రిల్ 6

స్టూలు తీసేసి నిజం స్టవ్ తెచ్చి పెట్టాం. నా స్కార్ఫు కళ్ళకి కట్టుకుని చేస్తానన్నారు. ఎందుకూ, ఇప్పుడు కాస్త కనిపిస్తుండగా చూసి నేర్చుకోండి అన్నాను. "నేర్చుకోవాల్సింది నేను కాదు, నా చేతులు" అన్నారు. లేత్ మిషను మీద పాతికేళ్ళు పనిచేసిన మనిషి. కళ్ళు ఇనుము మీద ఉంటే చేతులు వాటి దారిన అవి మీటల మీదకి వెళ్ళిపోయేవట. ఒకసారి చేతికి ఎక్కిందంటే ఇక దిగదట.

గుమ్మంలోంచి రెండడుగులు. కుడికి తిరిగి ఒక అడుగు, కుడి చేతికి ఫ్రిజ్. ఇంకో అడుగు, సింకు. ఇంకో అడుగు, స్టవ్. స్టవ్ మీంచి గిన్నె దించి కుడికి తిరిగితే మళ్ళీ సింకు. గుడ్డు ఉడకబెట్టారు. పెంకు నేను తీస్తానంటే చెయ్యి విదిలించారు.

ఏప్రిల్ 9

పన్నెండు సార్లు. అందులో తొమ్మిది తప్పు లేకుండా.

ఏప్రిల్ 13

నేను ఆఫీసుకి వెళ్ళాక కూడా సాధన చేస్తున్నట్టున్నారు. స్టవ్ మీటల మీద ఆకురాయితో గాట్లు పెట్టుకున్నారు. చిన్న మంటకి ఒక గాటు, పెద్ద మంటకి రెండు. పాత అలవాటు కదా, గాట్లు ఎంత సమంగా ఉన్నాయో. నేను టేపు పెట్టి చూశాను కూడా. సిగ్గుగానే ఉంది, కానీ చూశాను.

ఏప్రిల్ 19, ఆదివారం

ఈ వారం నాలుగుసార్లు ఫ్రిజ్ అట్టపెట్టెకి భుజం తగిలింది. పెట్టె జరిగిపోయిందేమో అన్నారు. జరగలేదు. నేను కొలిచాను.

అవునండీ, జరిగినట్టుంది అన్నాను.

ఏప్రిల్ 21

ఆయన స్నానం చేస్తుండగా పెట్టెను ఆరు సెంటీమీటర్లు వెనక్కి జరిపాను. ఇవాళ తగల్లేదు. ఎంత సంతోషించారో. వంతెన మీద మిల్లీమీటరు పగులు కూడా రాయకుండా వదలని దాన్ని. మా ఆఫీసులో నన్ను దారప్పోగు అంటారు, వెంట్రుకవాసి తేడా కూడా ఒప్పుకోనని. ఆ దారప్పోగే ఇంట్లో దొంగ కొలతలు పెడుతోంది. అసలు ట్రైలర్లో ఫ్రిజ్ జరగదని తెలిసి కూడా.

ఏప్రిల్ 26

సాయంత్రం వచ్చేసరికి రెండు ఆమ్లెట్లు, కాల్చిన బ్రెడ్డు, టీ. ఒక ఆమ్లెట్లో చిన్న పెంకు ముక్క తగిలింది. మింగేశాను. ఆయన బల్లకి అవతల కూర్చుని నేను తినడం వింటున్నారు. "నీకు రోజూ ఇలా చేసి పెడతాను. దుమ్ము కొట్టుకుని వస్తావు కదా వంతెనల కింద నుంచి" అన్నారు.

తనకోసం వండుకోవడం అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ.

మే 8

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఏడాది అన్న మాట డాక్టరుకి గుర్తులేదు. కొందరిలో ఇలా తొందరగా జరుగుతుంది అన్నాడు. ఆ కొందరిలో మేము ఎందుకున్నామని అడగాలనిపించింది. అడిగితే ఏం చెప్తాడు.

మే 9

ఈరోజు చూపు బాగుంది.

మే 12

ఆఫీసు నుంచి తొందరగా వచ్చేశాను. చెప్పులు బయటే విడిచి, గుమ్మంలో నిలబడ్డాను, పలకరించకుండా. ఆయన స్టవ్ తుడుస్తున్నారు. తల ఎత్తారు. తిన్నగా నా మొహంలోకి చూస్తూ తుడుస్తున్నారు. ఎండ నా మీదే పడుతోంది. ఎర్ర చొక్కా వేసుకున్నాను. గుడ్డ పిండి, ఆరేసి, మళ్ళీ నా వైపే చూస్తూ ఈల వేశారు.

మెల్లగా వెనక్కి వెళ్ళి, చెప్పులు గట్టిగా చప్పుడు చేసి, అప్పుడే వచ్చినట్టు వచ్చాను. "ఇవాళ తొందరగా వచ్చావే" అని సంబరపడ్డారు. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆ మనిషి ఎన్నాళ్ళ నుంచి నాకు ధైర్యం చెప్పడానికి చూస్తున్నట్టు నటిస్తున్నారో, నేను ఎన్నాళ్ళ నుంచి నమ్ముతున్నట్టు నటిస్తున్నానో, ఇద్దరిలో ఎవరు ముందు మొదలుపెట్టారో కూడా తెలీదు.

మే 14

గుడ్లు, టీ, అన్నం, బంగాళాదుంపల కూర. వరసగా నాలుగు రోజులు ఒక్క తప్పు లేదు. వదినకి ఫోన్ చేసి చెప్పాను. "అయితే నా గది ఖాళీయేనన్న మాట" అంది. ఆవిడ గొంతులో సంతోషమే ఉంది, కొంచెం ఇంకేదో కూడా.

మే 20, బుధవారం

ట్రైలర్ వచ్చింది.

మేస్త్రి తెచ్చి ఇంటి ముందు నిలబెట్టి వెళ్ళాడు. ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నన్ను చెయ్యి పట్టుకోవద్దన్నారు. మెట్టెక్కి, రెండడుగులు వేసి, కుడికి తిరిగారు. బాత్రూం తలుపుకి నుదురు కొట్టుకున్నారు.

నాకు అప్పుడు తెలిసింది. ఆయన నుదురు తగిలిన చప్పుడు విన్నాకే, అంతవరకు తెలీలేదు. ఇప్పుడు ఏప్రిల్ రెండో తారీఖు రాసింది వెనక్కి తిప్పి చదివాను. ఎంత చక్కగా రాసుకున్నానో.

ఆయన మాత్రం తప్పెక్కడో తన అడుగులోనే ఉందనుకుని బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చారు. మళ్ళీ కుడికి తిరిగారు. ఈసారి చెయ్యి ముందు పెట్టుకున్నారు. తర్వాత ఎడమకి తిరిగి, కుడి చెయ్యి చాపితే బల్ల తగిలింది. బల్ల అంచంతా తడిమారు. అటు తిరిగి ఫ్రిజ్ తడిమారు, సింకు, స్టవ్. మీటలు తిప్పి చూశారు. టిక్కుమన్నాయి.

"అన్నీ ఉన్నాయి. అన్నీ అవతల పక్క ఉన్నాయి" అన్నారు.

షెడ్డువాళ్ళు పొరపాటు చేశారన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

మే 21

ఆఫీసు నుంచి మేస్త్రికి ఫోన్ చేశాను. ఆయన వినకుండా ఉంటుందని. గ్యాస్ గొట్టం, పొగ పోయే కంత, నీళ్ళ పైపు, కిటికీలు, అన్నీ ఆ గోడలోనే కోసి పెట్టామమ్మా, మార్చాలంటే పెట్టె మొత్తం మళ్ళీ కట్టడమే, నాలుగు నెలలు అన్నాడు. తలుపు రోడ్డు మధ్యకి తెరుచుకునేలా ఎవరూ కట్టరన్నాడు. డ్రాయింగ్ పంపాం కదా, మీ సంతకం ఉంది కదా అని మెత్తగానే అన్నాడు. మంచివాడు. గట్టిగా అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

కొలతలన్నీ అవే. ఒక గదిని అటుది ఇటు తిప్పితే నాకు అదే గది. చూస్తాను కాబట్టి. ఇది నాకు ఎందుకు తట్టలేదో ఎన్నిసార్లు తల బాదుకున్నా తెలియడం లేదు.

మే 22

వెనక్కి నడుస్తూ లోపలికి వస్తే ఎలా ఉంటుందని ఆయనకి ఆలోచన వచ్చింది. కుడి ఎడమ మారతాయి కదా అని. వీపు ముందు పెట్టుకుని మెట్టెక్కారు. కుడి చేతి పక్కకి వీపు తిప్పి వెనక్కి వెనక్కి నడిస్తే నిజంగానే ఫ్రిజ్ కుడి చేతికి వచ్చింది. ఒక్క క్షణం మొహం వెలిగిపోయింది. కానీ స్టవ్ ముందు నిలబడి వండాలంటే దాని వైపు తిరగాలి కదా. తిరిగేసరికి మళ్ళీ అన్నీ మొదటికి వచ్చాయి. ఇద్దరం నవ్వాం. నవ్వడం ఆపాక ఏం చెయ్యాలో తెలీక మెట్టు మీద కూర్చున్నాం.

మే 24

హాల్లో టేపు పీకేశాను. కొత్తగా అటుది ఇటు గీద్దామనుకున్నాను. గుమ్మానికి ఎడమ పక్కనున్న ఆ గోడ అడ్డం వచ్చింది.

మే 25

ఇరవై సార్లలో పద్నాలుగు తప్పులు. తలకి తెలుసట, చేతులు వినడం లేదట. "దిగదని నేనే అన్నానుగా" అన్నారు.

మే 27, బుధవారం

నేను వాకిట్లో బండి కొక్కెం బిగించుకుంటుంటే కేక వినిపించింది. గుడ్లు ఉడికాయి. స్టవ్ మీంచి గిన్నె దించి కుడికి తిరిగి వంచారు, రెండు నెలలుగా చేస్తున్నట్టే. కుడి పక్క ఇప్పుడు సింకు లేదు. కాగిన నీళ్ళన్నీ ఎడమ పాదం మీద. గుడ్లు రెండూ మంచం కిందికి దొర్లిపోయాయి, నా ఫైళ్ళ దగ్గరికి.

నర్సు కట్టు కట్టింది. ఇంట్లో ఎవరూ లేరా అని నన్నే అడిగింది. ఆరడుగుల దూరంలో ఉన్నానని చెప్పాను.

మే 28

చెప్పేశాను. డ్రాయింగ్ చూశానని, మారిందని చూశానని, కొలతలు అవే కదా అనుకుని సంతకం పెట్టానని, అచ్చం అలాగే ఉందని అబద్ధం చెప్పానని. అబద్ధం అని నాకప్పుడు తెలీదని కూడా చెప్పాను. అది సంజాయిషీలా వినపడింది.

ఆయన చాలాసేపు పాదం మీద కట్టు సవరించుకున్నారు.

"నాకు తెలుసు. మేస్త్రికి ఫోన్ చేశాను, వచ్చిన రోజునే. నువ్వు చెప్తావేమోనని ఆగాను."

ఎనిమిది రోజులు ఆగారు. ఆ ఎనిమిది రోజులూ ఒక్క మాట జారలేదు. తిడితే బాగుండునని కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తిట్టలేదు. అక్కకి ఫోన్ చెయ్యి, గది ఉంచిందేమో కనుక్కో అన్నారు. ఒప్పుకున్న షరతు షరతే అన్నారు.

చేశాను. ఉంచింది.

మే 30

వదిన వచ్చింది. ఆయన బట్టలు మడత పెట్టాను. రేడియో ఆవిడ సంచిలో పెట్టింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "కొలతలు నీ పని కదే" అని ఎవరైనా అంటారని మూడు రోజులుగా చూస్తున్నాను. ఎవరూ అనరు. నేనే అనుకోవాలి.

మే 31, ఆదివారం

రేపు ఏడింటికి మొదటి వంతెన దగ్గర ఉండాలి. వదిన సంచులు కారులో పెట్టించింది. నేను ట్రైలర్ లోపల గిన్నెలు కదలకుండా గుడ్డలు కుక్కుతున్నాను. ఆయన ఒక్కరే మెట్టెక్కి వచ్చారు, కట్టు ఉన్న కాలు ఈడ్చుకుంటూ. కుడికి తిరగబోయి, ఆగి, ఎడమకి తిరిగారు. చెయ్యి ఎక్కడా పెట్టలేదు. దారి మధ్యలో నిలబడ్డారు.

"ఒకటి అడుగుతాను, మొహమాటం లేకుండా చెప్పు."

అడగండి అన్నాను.

"ఈ స్టవ్, ఈ ఫ్రిజ్, ఇదంతా నీకు పనికొద్దామని. పనికొస్తే తీసుకెళ్తావు కదా అని షరతు నేనే పెట్టుకున్నాను. ఏ పనికీ రాకపోయినా తీసుకెళ్తావా?"

నాకు అప్పుడేమనిపించిందో ఉన్నదున్నట్టు రాస్తాను, ఇది ఎవరూ చదవరు కాబట్టి. ముందు నర్సు గుర్తొచ్చింది. తర్వాత పదకొండు గంటలు. వంతెన కింద నిలబడి నిమిషానికోసారి ఫోన్ చూసుకోవడం కళ్ళకి కట్టింది. సాయంత్రం వచ్చి వండాలి, తుడవాలి, కాలిన చోట మందు రాయాలి, ఎనిమిది నెలలు, ఆ తర్వాత కూడా. వదిన ఇంట్లో కిటికీ ఉన్న గది గుర్తొచ్చింది. ఆయనకి అక్కడ బాగుంటుంది అనుకున్నాను. నాకు ఇక్కడ బాగుంటుంది అని కూడా అనుకున్నాను. అదీ అనుకున్నాను. చేతిలో గుడ్డ అలాగే ఉంది. ఆయన కదలకుండా, తల కొంచెం వంచి, చెవి నా వైపు పెట్టి నిలబడ్డారు.

తీసుకెళ్తానన్నాను.

వదినకి ఆయనే చెప్పారు. ఆవిడ నా మొహం చూసింది, సంచులు కారులోంచి దింపింది. రోజూ ఫోన్ చెయ్యమంది. గది అలాగే ఉంచుతానంది.

ఆరు దాటాక ఇక్కడికి చేరాం. నది వంతెన, పాతది. దారంతా ఆయన కబుర్లు చెబుతూనే ఉన్నారు, రోడ్డు మలుపులు, లారీల చప్పుళ్ళు, ఇక్కడ గాలి చల్లగా ఉందని. ట్రైలర్ ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకున్నారు, మొదటిసారి. నేను గుడ్లు ఉడకబెట్టాను. బాగున్నాయన్నారు. పొద్దున్నే లేవాలి, పడుకోమన్నారు. నేను జవాబు చెప్పడానికి ఆలస్యం చేసిన సంగతి మాత్రం ఎత్తలేదు. ఎంతసేపు ఆగానో నాకు తెలీదు. ఆయనకి తెలుసు.